నలభై కంప్యూటర్ల కోసం అమీర్‌పేట దాకా

కాశీ వెళ్ళొచ్చినవాళ్ళు రాస్తారు, అరకు వెళ్ళొచ్చినవాళ్ళు రాస్తారు. నేను అమీర్‌పేట వెళ్ళొచ్చాను, రాస్తున్నాను. నవ్వేవాళ్ళు నవ్వుకోండి. మా తునిలో ఇంజనీరింగ్ పాసైన పిల్లలు ఎటూ అమీర్‌పేట వెళ్తారు. నలభై మూడేళ్ళ ఆడమనిషి సంచీలో రెండు చీరలూ ఒక పాత ల్యాప్‌టాపూ పెట్టుకుని వెళ్ళడం మాత్రం మా వీధి ఇంతవరకు చూడలేదు. ఇప్పుడు చూసింది.

నా పేరు నూకరత్నం. తునిలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పదహారేళ్ళుగా కంప్యూటర్లు చూసుకుంటున్నాను. ల్యాబులో ముప్పై తొమ్మిది, కరస్పాండెంట్ గారి గదిలో ఒకటి, మొత్తం నలభై. ఏ మిషన్ ఎప్పుడు మొరాయిస్తుందో, ఏ కీబోర్డు కింద పల్లీ పొట్టు ఉంటుందో కళ్ళు మూసుకుని చెప్పగలను. అలాంటిది, మొన్న వేసవి సెలవుల్లో ఓ సోమవారం ల్యాబు తలుపు తీసి చూస్తే ఎవరో ఇద్దరు టేపు పట్టుకుని గోడలు కొలుస్తున్నారు.

"ఎవరండీ మీరు?" అన్నాను.

"ఇక ఈ ల్యాబు మా కంపెనీయే చూసుకుంటుందండి. మీకు చెప్పలేదా?"

చెప్పలేదు. పదహారేళ్ళున్న మనిషిని ఒక్క మాట అడగలేదు. ఒళ్ళు మండిపోయింది. నేరుగా కరస్పాండెంట్ గారి గదిలోకి వెళ్ళాను. కాలేజీ ఆయనదే, మాటా ఆయనదే.

"కోప్పడకమ్మా," అన్నారాయన. "కొత్త సిలబస్‌కి అన్ని మిషన్లలోనూ కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ వెయ్యాలి. నువ్వు పెన్‌డ్రైవ్ పట్టుకుని ఒక్కోదానికీ వేసుకుంటూ పోతే నెల పడుతుంది. వాళ్ళయితే వైరు మీదనుంచి అన్నిటికీ ఒకేసారి, ఒక్క పూటలో వేసేస్తారట."

"ఒక్క పూటలో నేనూ వేస్తాను."

ఎలా వేస్తానో నాకే తెలీదు. నోట్లోంచి వచ్చేసింది. ఆయన నవ్వారు. "వచ్చే సోమవారం కాలేజీ తెరుస్తున్నాం. ఆ పొద్దున్న చేసి చూపించు. చెయ్యలేకపోతే మంగళవారం నుంచి రావద్దు."

ఆ మర్నాడే రైలెక్కాను.

అమీర్‌పేట: ముప్పై తొమ్మిదో రోజు

బుధవారం పొద్దున్న అమీర్‌పేటలో తల పైకెత్తి నడిచాను, బోర్డులు చదవడానికి. కింద నడిచేవాళ్ళందరూ తల దించుకుని ఫోన్లు చదువుకుంటున్నారు. పైన మెట్రో, కింద షేర్ ఆటోలు, మధ్యలో ప్రతి మేడకీ ప్రతి అంతస్తుకీ ఒక కోచింగ్ సెంటరు. బండి మీద ఇడ్లీ తిన్నాను. ప్లేటు నలభై రూపాయలు. మా ఊళ్ళో ఆ డబ్బుకి పెసరట్టు ఉప్మా, పైన అల్లం చట్నీ. ఇక్కడ పల్లీ చట్నీ పోస్తారు, అడగకపోయినా మళ్ళీ పోస్తారు. ధర గురించి తిట్టుకున్నాను గానీ రెండోసారి పోసిన చెయ్యిని తిట్టుకోలేకపోయాను.

మొదటి సెంటర్లో కౌంటరు దగ్గరున్న అమ్మాయి చక్కగా నవ్వింది. "చెప్పండి మేడమ్, బాబు కోసమా, పాప కోసమా?"

"నాకోసం."

నవ్వు ఆగిపోయింది. లోపలినుంచి టై కట్టుకున్న సారు వచ్చాడు. కోర్సు నలభై ఐదు రోజులన్నాడు. నాకు కావలసిన పాఠం, అదే వైరు మీదనుంచి మిషన్లని లేపి సిస్టమ్ ఎక్కించే పాఠం, ముప్పై తొమ్మిదో రోజు వస్తుందట.

"ఆ ముప్పై తొమ్మిదో రోజేదో ఇవాళే చెప్పేయండి. డబ్బులు దానికే ఇస్తాను," అన్నాను.

"అట్లా కుదరదు మేడమ్. బేసిక్స్ లేకుండా ఎట్లా? ఈ ఏజ్‌లో ఇంత స్ట్రెస్ ఎందుకు చెప్పండి."

నా బేసిక్స్ సంగతి నన్నొక్క ప్రశ్న అడిగితే తెలిసేది. అడగలేదు. అలాంటివే ఇంకో మూడు సెంటర్లు ఎక్కి దిగాను. నాలుగింటిలోనూ నా తెల్ల వెంట్రుకలకే జవాబు చెప్పారు.

మధురానగర్: హాస్టల్లో ఆంటీ

దిగింది మధురానగర్‌లో ఆడపిల్లల హాస్టల్లో. గదికి ముగ్గురం. నేను సంచీ మంచం మీద పెట్టగానే పక్క మంచం పిల్ల లేచి నిలబడి అడిగింది, "ఆంటీ, మీరు వంటకి వచ్చారా? నిన్నటి సాంబారు అస్సలు బాలేదు."

"కాదమ్మా, ఆపరేటింగ్ సిస్టమ్‌కి వచ్చాను."

పాపం, సిగ్గుపడిపోయింది. మా ఊళ్ళో ఆ వయసు పిల్లలు నన్ను పిన్నిగారూ అంటారు. ఇక్కడ నేను వీధిలో మేడమ్, మంచం మీద ఆంటీ. సాంబారు నిజంగానే బాలేదు. ఆ పిల్లే నా గోడు విని, "మెయిన్ రోడ్డు వెనకాల జిరాక్స్ షాపులో రఫీక్ భాయ్‌ని అడగండి ఆంటీ, అమీర్‌పేటలో ఆయనకి తెలియనివాళ్ళు లేరు," అంది.

రఫీక్ భాయ్ షాపులో అన్ని సెంటర్ల నోట్సులూ కట్టలు కట్టి అమ్ముతారు. అమీర్‌పేటలో పాఠాలు తరగతి గదిలో కంటే జిరాక్స్ మిషన్ దగ్గర ఎక్కువ దొరుకుతాయి. నాకు కావలసిన కట్ట అడిగాను. ఆయన కట్ట తియ్యకుండా నా వంక చూశాడు.

"ఇంటర్వ్యూకా మేడమ్, పనికా?"

"పనికి. సోమవారం పొద్దున్నకి నలభై మిషన్లు."

"అయితే గీ నోట్సు మీకు బేకార్. ఇది చదివితే నౌకరి వస్తది, పని రాదు. పంజాగుట్టల యాదగిరి అన్న ఉన్నడు. ఒక ఆఫీసుల మిషన్లన్నీ ఆయనే చూస్తడు. పన్నెండు కొత్త మిషన్లు వచ్చినయ్, ఒక్కడే పరేషాన్ అయితుండు. పోయి నా పేరు చెప్పున్రి."

చేతికొచ్చిన బేరం వదులుకుని ఫోన్ నంబరు రాసిచ్చాడు. చాయ్ తాగించి గానీ పంపలేదు. చాయ్ ఎంతని అడిగితే కోపమొచ్చిందాయనకి.

పంజాగుట్ట: సిరిసిల్ల మగ్గం

అమీర్‌పేట నుంచి పంజాగుట్టకి మెట్రోలో ఒక్కటే స్టేషను. గురువారం నడిచే వెళ్ళాను. నాలుగో అంతస్తులో ఇళ్ళ ప్లాన్లు గీసే ఆఫీసు. పెద్ద హాల్లో ఇరవై రెండు మంది కంప్యూటర్ల ముందు గీతలు గీస్తున్నారు. పక్క గదిలో పన్నెండు కొత్త మిషన్లు, వాటి మధ్య నేల మీద కూర్చుని యాదగిరి. నా ఈడువాడే.

"రా అక్కా. రఫీక్ భాయ్ ఫోన్ చేసిండు. నువ్వు నాకు సాయం చెయ్యి, నేను నీకు నేర్పుత. లెక్క బరాబర్."

నాలుగు సెంటర్లలో దొరకని గురువు నేల మీద దొరికాడు. నేనూ చీర దోపుకుని నేల మీదే కూర్చున్నాను.

"మా నాయిన సిరిసిల్లల చీరెలు నేస్తుండె," అన్నాడు వైర్లు విడదీస్తూ. "అంచుల పువ్వు రావాలంటే అట్టలకు తూట్లు గుద్ది మగ్గం మీద ఎక్కిస్తరు. ఒక్కసారి మంచిగ గుద్దినవనుకో, గా అట్టల మీద వంద చీరెలైన దిగుతయ్. గిది సుత గంతే. ఒక్క మిషన్ మంచిగ తయారు చెయ్యి. దాని అచ్చు తియ్యి. వైరు మీద అందరికి పంపు."

మిషన్ లేవగానే తన డిస్కు చూసుకోకముందే వైరు మీద ఒక కేక వేస్తుందట, నన్ను నడిపించేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని. ఉన్నానని మన ల్యాప్‌టాప్ జవాబిస్తే దాని మాట వింటుంది, అచ్చు దింపుకుంటుంది. ఎవరూ పలకకపోతే తన డిస్కుతో తాను లేస్తుంది. ఆ ఆఫీసులోని మిషన్లన్నిటికీ ఈ కేక వేసే అలవాటు యాదగిరే చేశాడు, ఎప్పుడు ఏది పాడైనా మళ్ళీ సులువుగా ఎక్కించొచ్చని. ముప్పై తొమ్మిదో రోజు పాఠం నాకు గంటలో ఎక్కింది. బేసిక్స్ లేవన్న టై సారు అక్కడుంటే బాగుండుననిపించింది.

"రెండు సంగతులు యాదిపెట్టుకో అక్కా," అన్నాడు. "ఒకటి, మన పన్నెండు మిషన్ల వైర్లు మన గీ స్విచ్చు డబ్బాలనే ఉండాలె, ఆఫీసు వైర్లతోని కలవొద్దు. రెండు, పాత సామాను తుడిచే ముంగట తెర మీద ఒక మాట అడుగుతది, తుడవాల్నా అని. వై అక్షరం నొక్కితేనే ముంగటికి పోతది. అడుగకుంట ఎవ్వరి ఇల్లు ఊడ్వద్దు."

మధ్యాహ్నం తన టిఫిన్ డబ్బాలోంచి సర్వపిండి విరిచి పెట్టాడు. మా దిబ్బరొట్టెలా మెత్తగా ఉంటుందనుకుని గట్టిగా కొరికితే పన్ను జివ్వుమంది. బియ్యప్పిండి, పల్లీలు, నువ్వులు, కారం. నవలడానికి ఓపిక కావాలి, నవిలాక వదలబుద్ధి కాదు.

శుక్రవారం యాదగిరికి వేరే పని పడింది. పన్నెండూ నేనొక్కదాన్నే ఎక్కించాను. తప్పులు దొర్లితే మళ్ళీ ఎక్కించాను. ప్రతిసారీ పన్నెండు మిషన్ల దగ్గరికీ పరిగెత్తి వై నొక్కాలి. మోకాళ్ళు పట్టేశాయి. నలభైకి ఇంకెంత తిరగాలో అనుకుని, ఆ ప్రశ్నని తీసేశాను. రెండు నిమిషాల పని. ఈసారి పన్నెండు మిషన్లూ నన్నేమీ అడక్కుండా, పెళ్ళిలో బంతి భోజనంలా ఒక్కసారిగా మొదలై ఒక్కసారిగా ముగిశాయి. ఎంత గర్వమేసిందో! సాయంత్రం ఏదో చిన్న ఫైలు దింపుకోవడానికి ఇంటర్నెట్ కావలసి, గోడలోని ఆఫీసు వైరు తీసి మా డబ్బాలో గుచ్చాను. ఫైలు దిగింది. వైరు మరిచిపోయాను. పొద్దున్న వస్తాను కదా అని ల్యాప్‌టాప్ కూడా ఆపకుండా హాస్టలుకి వెళ్ళిపోయాను. కొరివితో తల గోక్కోవడం అంటే ఇదే.

అగరుబత్తి వేళ

ఆ ఆఫీసులో ఒక ఆచారం ఉంది. అటెండరు నర్సింగ్ పొద్దున్నే వచ్చి, బల్లలు తుడిచి, అగరుబత్తి వెలిగించి, స్టాఫ్ వచ్చేలోపు ఇరవై రెండు మిషన్లూ వరసగా తనే ఆన్ చేస్తాడు. మిషన్ మిషన్‌కీ పొగ చూపించి, దణ్ణం పెట్టి, బటన్ నొక్కుతాడు. మా ఊళ్ళో ఈ మర్యాద దసరాకి మాత్రమే. ఇక్కడ రోజూ.

శనివారం నేను తొమ్మిదిన్నరకి హాల్లో అడుగుపెట్టేసరికి నర్సింగ్ అయిదో మిషన్ ముందు దణ్ణం పెడుతున్నాడు. అతని వెనకాల నాలుగు తెరల మీద నీలం గీత జరుగుతోంది. అచ్చు దిగేటప్పుడు జరిగే ఆ గీత నాకు తెలుసు. అది నాదే. రాత్రి మరిచిన వైరు గుర్తొచ్చింది. పక్క గదిలోకి పరిగెత్తి గోడ వైరు పీకేశాను. వెనక్కి వచ్చేసరికి అయిదో తెర మీద కూడా గీత మొదలై, నడుమలో ఆగిపోయి ఉంది.

అయిదు మిషన్లు ఖాళీ. నర్సింగ్‌కి ఏమీ అర్థం కాలేదు. "నేను రోజు గిట్లనే చేస్తనమ్మా," అన్నాడు.

పదింటికి ఆఫీసు యజమాని మూర్తి గారొచ్చారు. "ఏంటండీ ఇది? నర్సింగ్, ప్రతి మిషనూ ముట్టుకోవద్దని నీకెన్నిసార్లు చెప్పాను? ఇవాళ్టితో నీ సంగతి తేల్చేస్తాను," అని అరిచారు. నర్సింగ్ చేతిలో అగరుబత్తి ఇంకా వెలుగుతోంది. యాదగిరి ముందుకొచ్చి, "సార్, తప్పు నాది," అన్నాడు.

పీకిన వైరు సంగతి ఇంకా ఎవరికీ తెలీదు. నోరు మెదపకపోతే తప్పించుకోవచ్చని ఒక్క క్షణం అనిపించింది. ఆ క్షణం గురించి ఇప్పటికీ నాకు సిగ్గే.

"ఎవరిదీ కాదండీ, నాది," అన్నాను. "వైరు కలిపింది నేను. అడగమన్న ప్రశ్న తీసేసింది నేను. నర్సింగ్‌ని ఒక్క మాట అన్నా నేనూరుకోను."

"నువ్వెవరమ్మా అసలు? ముందు బయటికి నడు."

"నడుస్తానండీ. ఊడ్చిన అయిదు ఇళ్ళూ సర్ది నడుస్తాను. మీరు పోలీసులని పిలిచినా అంతవరకు కదలను."

ఆయన యాదగిరి వంక చూశారు. యాదగిరి ల్యాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టాడు. మధ్యాహ్నానికి అయిదూ మళ్ళీ లేచాయి. ప్లాన్లన్నీ వేరే పెద్ద మిషన్లో దాచే పద్ధతి యాదగిరిది కాబట్టి నాలుగింటిలో పోయిందేమీ లేదు. అయిదోది స్వప్న అనే అమ్మాయిది. మూడు రోజులుగా గీస్తున్న ప్లానుని తన మిషన్లోనే ఉంచుకుంది. ఖైరతాబాద్ పార్టీకి ఆ సాయంత్రమే ఇవ్వాలి.

"మూడు రోజుల పని ఆంటీ," అంది. తిట్టినా బాగుండేది. కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

అదృష్టంకొద్దీ ముందురోజు ప్రింటు తీసిన కాగితం ఒకటి ఉంది. కుర్చీ లాక్కుని ఆ పిల్ల పక్కన కూర్చున్నాను. కాగితం మీది కొలతలు నేను చదువుతుంటే ఆమె గీసింది. వంటగది తొమ్మిది అడుగుల మూడు అంగుళాలు. మెట్లకి పదిన్నర. పూజగది నాలుగు. భోజనానికి కూడా లేవలేదు. నా రైలు సాయంత్రం. అయిదింటికి స్వప్న గడియారం చూపించి, "మీ రైలు ఆంటీ," అంది.

"పోతే పోనీ. హాలు కొలత చదువుతున్నాను, గియ్యి."

ఏడింటికి ప్లాను వెళ్ళింది. రైలు కూడా వెళ్ళిపోయింది. మూర్తి గారు నాతో మాట్లాడలేదు గానీ, నర్సింగ్‌తో మూడు చాయ్‌లు పంపించారు. యాదగిరి తన ప్రోగ్రాం ఉన్న పెన్‌డ్రైవ్ నా చేతిలో పెట్టాడు.

"ప్రశ్న మళ్ల పెట్టినవా అక్కా?"

"పెట్టాను. తెలుగులో పెట్టాను."

"మస్తు. ఇగ ఫికర్ లేదు, పో."

తిరిగి తుని: నలభయ్యోది

ఆదివారం పగటి రైల్లో కూర్చుని వచ్చాను. సోమవారం పొద్దున్న ఆరింటికి ల్యాబు తలుపు తీసి, మిషన్లకి కేక వేసే అలవాటు చేసి, నా ల్యాప్‌టాప్‌కి వైరు కలిపాను. ముప్పై తొమ్మిది తెరల మీదా ఒకే మాట లేచింది: ఇందులో ఉన్నదంతా పోతుంది, తుడవమంటారా? మోకాళ్ళు పట్టుకుంటూ ముప్పై తొమ్మిదిసార్లు తిరిగాను, ముప్పై తొమ్మిదిసార్లు వై నొక్కాను. తొమ్మిదింటికి అన్నీ కొత్త సిస్టమ్‌తో లేచి కూర్చున్నాయి.

కరస్పాండెంట్ గారు వచ్చారు. పక్కన ఆ టేపు కంపెనీ మనిషి, చేతిలో ఒప్పందం కాగితాలు. ఇద్దరూ వరస వెంట నడుస్తూ తెరలు చూశారు. ఒక్కటీ దొరకలేదు వంక పెట్టడానికి.

"నలభై అన్నావు, ఇవి ముప్పై తొమ్మిదే," అన్నారు కరస్పాండెంట్ గారు.

"నలభయ్యోది మీ గదిలో ఉంది సార్. రండి."

ఆయన గదిలోని తెర మీద కూడా ఆ మాటే మెరుస్తోంది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివి విసుక్కున్నారు. "ఇదేంటి, అడుగుతోంది? వీళ్ళదైతే ఏమీ అడగదట, దానంతటదే అయిపోతుందట."

"అవునండి, మా సిస్టమ్ అలా ఆగదు," అన్నాడు కంపెనీ మనిషి.

"అందులో మీవేమున్నాయో మీకే తెలియాలి కదా సార్," అన్నాను. "అడగకుండా ఊడ్చెయ్యడం మీ పద్ధతి. నాది కాదు."

ఆయనకి కోపమొచ్చిందని తెలుస్తూనే ఉంది. నోరు తెరిచారు. అంతలో ఏదో గుర్తొచ్చినట్టు మొహం మారిపోయింది. చెయ్యి అడ్డం పెట్టేశారు కీబోర్డుకి.

"ఆగాగు! మా అమ్మాయి పెళ్ళి ఫోటోలన్నీ ఇందులోనే ఉన్నాయి. ఇంకెక్కడా లేవు."

కంపెనీ మనిషి గోడ వంక చూశాడు. కొలవడానికి ఈసారి టేపు తేలేదు పాపం.

ఫోటోలు వేరేచోట దాచేసరికి గంట పట్టింది. దాచాక ఆయన కుర్చీ వెనక్కి జరిపి, "ఇక నొక్కమ్మా," అన్నారు, కాస్త మెల్లగా.

"మీరే నొక్కండి సార్. మిమ్మల్నే అడుగుతోంది."

ఆయన చూపుడువేలితో వై వెతుక్కుని నొక్కారు. ఆ ఒప్పందం కాగితాలు మధ్యాహ్నం దాకా బల్ల మీదే ఉన్నాయి. తర్వాత కనపడలేదు. నన్ను ఉండమనీ అనలేదు, వెళ్ళమనీ అనలేదు. ఆయన నోటినుంచి అలాంటి మాట వస్తుందని నేనూ ఎదురుచూడలేదు.

మంగళవారం పొద్దున్న తొమ్మిదింటికి వెళ్ళి ల్యాబు తాళం తీశాను. తియ్యమంటారా అని మాత్రం ఎవర్నీ అడగలేదు.